మా ముత్తాతకి కళ్ళు తెరిచిందెవరు?

మా ఇంట్లో మగపిల్లలకి ముత్తాత కళ్ళొచ్చాయని పేరు. మా అన్నయ్యకీ, పెదనాన్న కొడుకులకీ, ఇప్పుడు అన్నయ్య కొడుక్కీ అవే కళ్ళట. ఇంటికొచ్చిన చుట్టాలు హాల్లో ఉన్న పెద్ద ఫోటో వైపు చూసి, పిల్లాడి వైపు చూసి, "అచ్చు దింపినట్టున్నాడు" అంటారు. పోయిన ఏడాది తేలిందేమిటంటే, ఆ కళ్ళు శ్రీకాకుళంలో ఎవరో స్టూడియో ఆర్టిస్టు గీసినవి. ఆ ఫోటో తీసే వేళకి మా ముత్తాత ప్రాణాలతో లేడు.

అరవై దాటిన తెలుగువాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. పల్లెల్లో మనిషి బతికుండగా ఫోటో తీయించుకోవడం ఎక్కడోగానీ జరిగేది కాదు. పోయాక, "అయ్యో, ఒక్క ఫోటో అయినా లేదే" అని ఎవరికో గుర్తొచ్చేది. టౌనుకి మనిషిని పంపి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించి, శవానికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ కుటుంబమంతా నిలబడి తీయించుకునేవాళ్ళు. తర్వాత దాన్ని ఎన్‌లార్జ్ చేయించి, బ్రష్షుతో కళ్ళు తెరిపించి గోడకి తగిలించేవాళ్ళు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఆ సంగతి తెలిసినవాళ్ళు ఉండరు. కళ్ళు మాత్రం ఉండిపోతాయి.

మా ఇంట్లో ఇది బయటపడింది రంగులు వేయించేటప్పుడు. ఫ్రేము దింపితే వెనక అట్ట చెదలు కొట్టి ఊడిపోతోంది. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. ఫోటోల షాపుకి ఇస్తే గబగబా లాగేస్తారని భయం వేసి నేనే మెల్లగా విప్పాను. అద్దానికి ఫోటో అంటుకుపోయి ఉంటే దాన్ని పీకకూడదు. పైన ఉన్న పొర అద్దంతోపాటే వచ్చేస్తుంది. అలాంటప్పుడు అద్దం మీద నుంచే, కిటికీ దగ్గర నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవడం నయం. మాది అదృష్టం కొద్దీ అంటుకోలేదు. అట్టకీ ఫోటోకీ మధ్య మడత పెట్టిన ఆంధ్రపత్రిక కాగితం ఒకటి, దాని లోపల అరచేయంత చిన్న ఫోటో ఒకటి ఉన్నాయి. ఫ్రేము కట్టినాయన అసలు ప్రింటుని పారేయకుండా వెనకే పెట్టేశాడు. ఆయనెవరో గానీ, మా కుటుంబానికి ఇంత మేలు చేసినవాళ్ళు తక్కువ.

పత్రిక మీద తేదీ ఉన్న చోట చిరిగిపోయింది. కానీ వార్తలో ఆంధ్ర ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు ఏదో సభలో మాట్లాడిన సంగతి ఉంది. ఆయన ఆ పదవిలో ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1954 నవంబరు మధ్య దాకానే. అంటే ఫ్రేము కట్టింది ఆ రోజుల్లోనో, పాత కాగితం వాడితే ఆ తర్వాతో. పాత ఫ్రేములు విప్పేవాళ్ళు లోపలి కాగితాలని చెత్తలో వేయకండి. ఒక్కోసారి ఫోటో కంటే అవే ఎక్కువ చెప్తాయి.

ఇక ఆ చిన్న ఫోటో. ఇంటి అరుగు. చేతుల కుర్చీలో ముత్తాత. ఛాతీ మీదుగా ఒక కండువా కుర్చీ వీపుకి చుట్టి కట్టారు, మనిషి ముందుకి వాలిపోకుండా. గడ్డం కింద నుంచి తలపైకి గుడ్డ కట్టు. కళ్ళు మూసే ఉన్నాయి. వెనక మా తాత, ఆయన తమ్ముడు, ఇంకా ఇద్దరు మగవాళ్ళు. కుర్చీ పక్కన కింద, తల మీద ముసుగు వేసుకుని ఒకావిడ కూర్చుంది. మిగతావాళ్ళంతా కెమెరా వైపు చూస్తున్నారు. ఆవిడ ఒక్కతే కుర్చీ వైపు తిరిగి ఉంది.

పెద్ద ఫోటోలో వీళ్ళెవరూ లేరు. అరుగు పోయి అక్కడ తెరలు వచ్చాయి. గడ్డం కట్టు పోయింది. బతికున్నన్నాళ్ళూ కోటు మొహం చూడని మనిషికి పోయాక కోటు తొడిగారు. ఆర్టిస్టుకి మంచి చెయ్యే ఉందని ఒప్పుకోవాలి. కోటు గుండీల మీద వెలుగు కూడా వేశాడు.

ఈ రెండు ఫోటోలూ పట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. మామ్మ అంటే మా నాన్న మేనత్త, ముత్తాత కూతుళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమే. కళింగపట్నం దగ్గర ఊళ్ళో ఉంటుంది. ఎనభై దాటినా చూపు బాగానే ఆనుతుంది. "వీళ్ళెవరు మామ్మా?" అని వరసగా అడుగుతుంటే, "మీ తాత, మా చిన్నన్న, మిగిలినోలు తెల్దు" అని తేల్చేసింది. అక్కడితో అయిపోయేలా ఉంది. నాకెందుకో కుర్చీ చూపించాలనిపించింది. చూపించి, "ఇది మనింట్లో ఉండే కుర్చీయే కదా?" అన్నాను.

"అది మనది కాదే గుంటా. కరణంగారి కుర్చీ. ఫోటో తీసీవోడు నులక మంచం మీద తియ్యనన్నాడు. మా పెద్దన్న ఎల్లి ఆలింటి కాడ్నుంచి మోసుకొచ్చినాడు. శవాన్ని కూకోబెట్టిన కుర్చీ మల్లీ ఇంట్లోకి తెచ్చుకుంటారేటి? మాకే ఒగ్గీసినారు."

ఆ కుర్చీ కోసమే చిన్నప్పుడు మేం పిల్లలందరం సెలవుల్లో కొట్టుకునేవాళ్ళం. దాని చరిత్ర తెలిసి ఉంటే దాని జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

కుర్చీ దగ్గర మొదలైన మామ్మ ఆగలేదు. ఫోటోగ్రాఫర్ జట్కా మీద వచ్చాడనీ, నల్లగుడ్డలో తల దూర్చితే పిల్లలు దడుసుకున్నారనీ, ఆయనకి భోజనం ఎక్కడ పెట్టాలన్న దాని మీద పెద్దవాళ్ళు గొడవపడ్డారనీ చెప్పింది. అప్పటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళతో మాట్లాడాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: ముఖం చూపించి పేరు అడిగితే పరీక్ష పెట్టినట్టు బిగుసుకుపోతారు. ఫోటో మూలల్లో ఉన్నవి చూపించండి. కుర్చీ, చెంబు, పక్కింటి గోడ, చేతికున్న గాజులు. గాజులు ఎవరివో గుర్తున్నంతగా మనుషులు గుర్తుండరు చాలామందికి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి బల్ల మీద పెట్టేసి మర్చిపోండి. నోట్సు రాస్తూ కూర్చుంటే వాళ్ళు మన చేతినే చూస్తారు, మాట ఆగిపోతుంది.

ఎప్పుడు పోయాడన్నది తేల్చడం కొంచెం చిక్కు. మామ్మకి ఇంగ్లీషు సంవత్సరాలు పట్టవు. తాత లెక్కల పుస్తకంలో ఒక పేజీ అంచున "ఖర నామ సంవత్సరం, మార్గశిరం, నాన్న" అని మాత్రం ఉంది. అరవై ఏళ్ళకోసారి వచ్చే పేరు కాబట్టి అది 1951 అయినా కావాలి, 1891 అయినా కావాలి. మనిషిని బట్టి 1951. ఆ ఏడు మార్గశిరం నవంబరు నెలాఖరులో మొదలై డిసెంబరు నెలాఖరు దాకా ఉంది. సరిచూసుకోవడానికి మామ్మని, "మొదటిసారి ఓట్లొచ్చినప్పుడు నాన్న ఉన్నాడా?" అని అడిగాను. "లేడు. ఊరంతా ఓట్లకి ఎల్లినాది. అమ్మ ఎల్లలేదు, మూల కూకుంది" అంది. అప్పటికి మాది మద్రాసు రాష్ట్రం. మొదటి సాధారణ ఎన్నికల పోలింగు ఇక్కడ 1952 జనవరిలో జరిగింది. భర్త పోయిన ఆడమనిషి నెలల తరబడి గది దాటని రోజులవి. లెక్క సరిపోయింది.

ఆ ముసుగావిడే మూల కూర్చున్నావిడ, మా తాతమ్మ. ఆమె పేరేమిటని అడిగితే మామ్మ నా వైపు వింతగా చూసింది. "అమ్మకి పేరేటే? పోలాకమ్మ అనీవోరు అందరూ. నాన్న పేరెట్టి పిలిస్తే గదా నాకు తెల్డానికి!" పోలాకి ఆమె పుట్టిల్లు. మామ్మకి పన్నెండో పదమూడో ఏడు రాకుండానే ఆమె కూడా పోయింది. మా వైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. పసుపు రాసిన పంచె ఫోటో ముందు పెట్టి ముత్తాత పేరు చెప్తారు. పక్కన చీర పెట్టి, "అమ్మకి" అంటారు. చీర ఎవరిదని నేను ఎప్పుడూ అడగలేదు, ఇంట్లో ఇంకెవరూ అడిగినట్టు లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే పెద్దగా రాయాల్సిన పని లేదు. ఆ మొదటి ఎన్నికల జాబితాలు తయారుచేసేటప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి కూతురిననో చెప్పారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ పేర్లన్నీ కొట్టేయించాడు. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. మా తాతమ్మ పేరు జాబితాలో ఎలా ఉందో చూడాలని నాకు ఇప్పటికీ ఉంది.

పేరు దొరికింది ఫోటోల్లో కాదు, పొలం కాగితాల్లో. ముత్తాత పోయాక ఇంటి అవసరాలకి ఒక మెట్ట ముక్క అమ్మారని మామ్మ మాటల్లో వచ్చింది. కొన్నవాళ్ళ మనవలు అదే ఊళ్ళో ఉన్నారు. పొలం ఉన్నవాళ్ళు లింకు డాక్యుమెంట్లు ప్రాణం కంటే జాగ్రత్తగా దాచుకుంటారు కదా. వెళ్ళి అడిగితే మొదట టెన్షన్ పడ్డారు, ఇన్నాళ్ళకి పొలం వెనక్కి అడగడానికి వచ్చానేమో అని. వాళ్ళ పెద్దాయనకి చిన్న ఫోటో చూపించాక నవ్వి, బీరువాలోంచి దస్తావేజు తీశాడు. 1954 నాటిది. అందులో ముత్తాత పేరు రాసి, "భార్య సింహాచలం, తన తరపునను, మైనరు కుమారుల తరపున గార్డియనుగాను" అని ఉంది. చివర వేలిముద్ర, దాని పక్కన దస్తావేజు రాసినాయన చేతిరాతలో మళ్ళీ అదే పేరు.

మా జిల్లాలో సింహాచలాలు వీధికి ఇద్దరుంటారు, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ. ఫోన్‌లో ఫోటో తీసుకుని మామ్మకి చూపిస్తే, ఆమెకి చదువు రాదు కాబట్టి అక్షరాలు చూడలేదు. వేలిముద్రని పెద్దది చేసి చూస్తూ, "అమ్మదేనా ఇది?" అని మాత్రం అంది.

1954 పొలం అమ్మకం, 1954 ప్రాంతపు పత్రిక కాగితం. ఎన్‌లార్జ్‌మెంటుకీ ఫ్రేముకీ డబ్బులు ఆ పొలం నుంచే వచ్చాయేమో. నిజమైతే, ఆవిడ వేలిముద్ర వేసి తెచ్చిన డబ్బుతో చేయించిన ఫోటోలోంచి ఆవిడనే తీసేశారన్నమాట. మా నాన్నతో ఈ మాట అంటే, "ఆ రోజుల్లో ముండమోసిన ఆడదాని ఫోటో గోడకి ఎవరు పెడతారే" అన్నాడు మామూలుగా. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

బతికున్న ముత్తాత ఫోటో ఒకటి ఉండాలని కూడా మామ్మే చెప్పింది. "రంగంలో తీయించుకున్నాడు. మా చిన్నాన్నోలింట్లో ఉండీది." రంగం అంటే రంగూన్. మా వైపు ఏ ఇల్లు కదిపినా రంగం వెళ్ళినవాళ్ళు తగులుతారు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ, కాకినాడల నుంచి స్టీమర్లలో డెక్కు మీద కూర్చుని వెళ్ళేవాళ్ళు. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి కుదిరి, డబ్బు కూడబెట్టుకుని కోతలకో పెళ్ళిళ్ళకో తిరిగొచ్చేవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మనదేశంవాళ్ళే. అంతకు ముందు ఏడాది మే నెలలో రేవు పనుల మీద తెలుగు కూలీలకీ బర్మావాళ్ళకీ మధ్య పెద్ద అల్లర్లు జరిగి చాలామంది చచ్చిపోయారు. అయినా వెళ్ళడం మానలేదు. ఇక్కడ కూలి అలా ఉండేది మరి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8కి నగరం వాళ్ళ చేతికి పోయింది. టికెట్టుకి డబ్బున్నవాళ్ళు ఓడలెక్కారు. మిగతావాళ్ళు అడవుల గుండా అరకాన్ వైపో మణిపూర్ వైపో నడిచారు. అలా మొత్తం నాలుగైదు లక్షల మంది బయల్దేరి ఉంటారని లెక్క, దారిలో పోయినవాళ్ళు వేలల్లో. ముత్తాత నడిచే వచ్చాడు. ఎప్పుడొచ్చాడన్నది మామ్మకి వాళ్ళమ్మ చెప్పిన మాట: "యిశాపట్నంలో బాంబులు పడి, పట్నపోలు బళ్ళు కట్టుకుని మన ఊల్లోకి వచ్చీసినారు. ఆలొచ్చిన తరవాత మీ నాన్నొచ్చినాడు." విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. కాబట్టి ఆయన ఆ వేసవిలోనో, ఆ తర్వాతో ఇల్లు చేరాడు. మామ్మ పుట్టింది ఆ మరుసటి ఏడు.

ఇది రాస్తుంటే నాకనిపిస్తోంది, మామ్మ చెప్పిన వాటిలో తేదీ ఒక్కటీ లేదు, కానీ తప్పు కూడా ఒక్కటీ దొరకలేదు. తేదీలన్నీ ధీమాగా చెప్పిన మా పెదనాన్న లెక్కల్లో మాత్రం ముత్తాత పోయాక రెండేళ్ళకి రంగం నుంచి తిరిగొచ్చాడు.

రంగం ఫోటో టెక్కలి దగ్గర చుట్టాలింట్లో దొరికింది. పేజీలకి జిగురు, పైన ప్లాస్టిక్ కాగితం ఉండే ఆల్బంలో పెట్టారు. ఆ జిగురు పాత ఫోటోలకి పెద్ద శత్రువు, పసుపు చారలు అప్పటికే వచ్చేశాయి. పీకకుండా ప్లాస్టిక్ ఎత్తి అలాగే స్కాన్ చేశాం. ఐదుగురు మగవాళ్ళు, వెనక గుడ్డ మీద గీసిన మెట్లూ స్తంభాలూ. ఇద్దరు కూర్చున్నారు, ముగ్గురు నిలబడ్డారు. లుంగీలు, తెల్ల చొక్కాలు, ఒకడి చేతికి గడియారం. ఆ ఐదుగురికీ కలిపి అదొక్కటే గడియారమేమో, అందుకే అది బాగా కనిపించేలా చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఫోటో వెనక ఏమీ రాసి లేదు. మీ ఇంట్లో ఫోటోలకి దయచేసి ఈ పాపం చేయకండి. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా పేరూ ఊరూ రాయండి. బాల్‌పెన్ను వద్దు, రాత ముందువైపుకి తేలుతుంది.

వీళ్ళలో ముత్తాత ఎవరు? మామ్మ నిలబడ్డవాళ్ళలో మధ్యవాడని వేలు పెట్టింది. టెక్కలి పెద్దమ్మ కాదు, గడియారం పెట్టుకుని కూర్చున్నవాడంది. గోడ మీది ఫోటోతో పోల్చి లాభం లేదు, ముఖంలో సగం ఆర్టిస్టుది. చనిపోయాక ముఖం ఎటూ మారిపోతుంది. మారనివి చెవులు. చిన్న ఫోటోలో గుడ్డ కట్టు ఒక చెవిని కప్పేసింది, రెండోది శుభ్రంగా కనిపిస్తోంది. తమ్మె విడిగా వేలాడకుండా చెంపకి అతుక్కుని ఉంది, పైఅంచు కొంచెం మొనదేలి ఉంది. ఆర్టిస్టు చెవుల జోలికి పోలేదు, పెద్ద ఫోటోలోనూ అదే చెవి. స్కాన్‌ని పెద్దది చేసి ఐదుగురి చెవులూ చూస్తే గడియారం మనిషిదే దానికి బాగా దగ్గరగా ఉంది. తర్వాత అద్దంలో నా చెవులూ, ఫోన్‌లో అన్నయ్య చెవులూ చూశాను. అన్నయ్యవి కావు. నావి.

ఈలోగా మా కజిన్ ఒకడు చిన్న ఫోటోని ఏదో ఏఐ యాప్‌లో వేసి, ముత్తాత కళ్ళు తెరిచి, రెప్పలార్పి, చిరునవ్వు నవ్వే వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. మామ్మకి చూపిస్తే, "ఈడెవుడు?" అంది. ఎవరో చెప్పాక, "మా నాన్నకి ముందు పల్లు లేదే" అని ఫోన్ పక్కకి నెట్టేసింది. డెబ్బై ఏళ్ళ కిందటి ఆర్టిస్టుని నేను క్షమించాను గానీ, ఈ యాప్‌ని క్షమించలేకపోయాను. ఆయన కనీసం ఇంటివాళ్ళు అడిగితే చేశాడు.

గోడ మీద ఏది పెట్టాలన్నది ఇంకా తేలలేదు. అసలు ఫోటో పెడదామంటే మామ్మ ఒప్పుకోదు, "సవాన్ని గోడకెడతారేటే" అంటుంది. అందులోంచి తాతమ్మ ముఖం వరకు తీసి వేరే ఫ్రేము కట్టించాను, పక్క ముఖమే అయినా. మొన్న సంక్రాంతికి చీర పెట్టేటప్పుడు అమ్మ "సింహాచలానికి" అని, అత్తగారి అత్తగారిని పేరు పెట్టి అన్నందుకు నాలుక కరుచుకుంది.

రంగం ఫోటోని విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపులో ఉన్న ఒక కుటుంబానికి పంపాను. బర్మాలో 1962లో సైన్యం గద్దెనెక్కి, తర్వాత వ్యాపారాలన్నీ జాతీయం చేశాక తిరిగొచ్చిన కుటుంబాల్లో వాళ్ళదొకటి. వాళ్ళ పూర్వీకులదీ మా పక్క ఊరే. ఇంటి పెద్దాయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి, గడియారం పెట్టుకుని కూర్చున్నాయన వాళ్ళ తాత అన్నాడు, గట్టిగా. మీ తాత చెవి కనిపించే ఫోటో ఏదైనా ఉంటే పంపండి అన్నాను. చెవి ఎందుకని అడిగి, విని, కాసేపు నవ్వి, పై గదిలో పెట్టె ఉంది, మనవడు సెలవులకి రాగానే దింపిస్తానన్నాడు.